అల్లుళ్లిద్దరి తామర

ఎండ మండిపోతున్నా పెద్దల్లుడు చొక్కా చేతులు మణికట్టు దాకా దించి, గుండీలు పెట్టుకుని తిరుగుతున్నాడు. చేసేదేమో ఆవిరి యంత్రం దగ్గర పని. ఆ గదిలో గోడలకే చెమట పడుతుంది. మామూలుగా అయితే చేతులు మోచేతుల పైకి మడిచి, మెడలో తువ్వాలు వేసుకుని, వచ్చేపోయే వాళ్లని తిట్టుకుంటూ కూర్చునేవాడు. ఇప్పుడు ఆ తిట్లు తప్ప మిగతావన్నీ మానేశాడు.

కుడి ముంజేతి మీద గుండ్రటి మచ్చ లేచింది. అంచు ఎర్రగా, మధ్యలో పొట్టు రేగుతూ. తామర. గోకితే ప్రాణానికి హాయి, ఆపితే నరకం.

ఊళ్లో ఎవరికి తామర వచ్చినా మందు రాసుకుని ఊరుకుంటారు. పెద్దల్లుడికి అలా కుదరదు. అతను పనిచేసేది ఎలుకల ఇంట్లో. పెద్ద పరిశోధన సంస్థకి వెనకవైపు, కిటికీలు లేని పొడుగాటి కట్టడం. లోపల అరల మీద వరసగా ప్లాస్టిక్ డబ్బాలు, డబ్బాకి పైన తీగ మూత, మూతలో గుచ్చిన నీళ్ల సీసా, అడుగున రంపపు పొట్టు, ఆ పొట్టులో తెల్ల ఎలుకలు. ఒంటి మీద చర్మవ్యాధి ఉన్నవాడు ఆ తలుపు దాటకూడదు. దాటితే పెరట్లో గుంట దగ్గరికి పంపేస్తారు.

ఆ గుంట అంటే పెద్దల్లుడికి చచ్చేంత భయం. చదువు సగంలో మానేసి మూటలు మోసుకుంటున్నవాడికి, ఎలుకల ఇంట్లో పనిచేసే మామ పిల్లనిచ్చి, ఈ సంస్థలో పని ఇప్పించాడు. ఇప్పించింది గుంట దగ్గరే. డబ్బాల్లోంచి తీసిన పాడు పొట్టు, చచ్చిన ఎలుకలు, చిరిగిన చేతి తొడుగులు, అన్నీ ఆ గుంటలో పోసి తగలబెట్టడం. పొగంతా మనిషిలోకే పోయేది. వయసులో ఉన్నన్నాళ్లు ఆ పొగలోనే దగ్గాడు. ఇంటికొస్తే పెళ్లాం పక్కలోంచి లేచి వాకిట్లో పడుకునేది. మామ పనిలోంచి దిగిపోయాక, ఎవరెవరి కాళ్లో పట్టుకుని, ఎవరెవరి మీదో చాడీలు చెప్పి, లోపలికి వచ్చాడు. పొట్టూ డబ్బాలూ ఉడికించే ఆవిరి యంత్రం చేతికొచ్చింది. కూర్చోవడానికి కుర్చీ వచ్చింది. దగ్గు తగ్గింది. ఆ కుర్చీ కోసం మళ్లీ ఎంతమంది మీదైనా చాడీలు చెప్పగలడు.

ఆ కుర్చీ మీద కన్నేసిన మనిషి ఒకడున్నాడు. వాడు అతని తోడల్లుడే.

మామ పోయేలోపు చిన్నకూతురి మొగుడిని కూడా అక్కడే ఇరికించి పోయాడు. అప్పట్నుంచి డాక్టర్ల దగ్గర్నుంచి గేటు కాపలావాడి దాకా అందరికీ ఒకడు పెద్దల్లుడు, ఒకడు చిన్నల్లుడు. సొంత పేర్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఉండే క్వార్టర్లు కూడా పక్కపక్కనే. మధ్యలో ఒక గోడ, ముందు ఒక కుళాయి, ఒక బట్టల తీగ. ఆ గోడకి చెవులుంటే ఎప్పుడో చెవుడొచ్చేది.

"అన్నయ్యా, ఏంటి ఈ మధ్య పెళ్లికొడుకులా నిండుచేతుల చొక్కా?" అన్నాడు చిన్నల్లుడు, కడిగిన డబ్బాల బండి తోసుకొస్తూ.

"నీ కళ్లు నా చొక్కా మీద పెట్టడానికే ఇస్తున్నారా జీతం? బండి అక్కడ పెట్టి తగలడు."

"తగలడతాలే. నువ్వు ఆవిరికి ఉడికిపోతావేమోనని అడిగాను. ఉడికితే వదినకి చెప్పాలి కదా."

పెద్దల్లుడు యంత్రం తలుపు ఢామ్మని వేసి పిడి తిప్పాడు. చొక్కా చేతి లోపల తామర నిప్పురవ్వలా చురుక్కుమంది. గోకడానికి లేదు. వాడు చూస్తున్నాడు.

తామర ఎక్కడిదో పెద్దల్లుడికి లోపల్లోపల తెలుసు. అదే అతన్ని కుదురుగా ఉండనివ్వడం లేదు. ఇంటి దగ్గర అంటుకుంది అని చెబితే, రోగం మోసుకొచ్చి శుభ్రమైన ఎలుకల గదిలో పెట్టావంటారు. ఎలుకల నుంచి అంటుకుంది అని చెబితే, చేతికి తొడుగు లేకుండా డబ్బాల్లో చెయ్యి పెట్టావంటారు. ఎటు చెప్పినా దారి గుంటకే.

చెయ్యి పెట్టిన మాట నిజం. దానికో కథ ఉంది.

డబ్బాలు మార్చే రోజున పాడు పొట్టు పారబోసి, ఆవిరిలో ఉడికించిన కొత్త పొట్టులోకి ఎలుకల్ని వదలాలి. అక్కడే వచ్చేది పేచీ. కొత్త పొట్టులో పడగానే మగ ఎలుకలకి పిచ్చెక్కుతుంది. తమ వాసన ఉండదు, ఎవడు ఎవడో తెలియదు. నిన్నటి దాకా ఒకదాని మీద ఒకటి పడుకున్నవి తోకలు కొరుక్కుంటాయి, వీపులు చీరుకుంటాయి. వీపులు చీరుకుపోతే డాక్టర్లు పనివాళ్ల వీపులు చీరేస్తారు. మామ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ప్రతి డబ్బాలోంచి ఎలుకలు గూడు కట్టుకున్న దూది, కాగితం పీలికలు ఒక చిటికెడు తీసి, ఒక సత్తు బొచ్చెలో వేసి, అన్నీ కలిపి, మళ్లీ ఒక్కో డబ్బాకి ఒక్కో చిటికెడు పంచేవాడు.

"అందరి ఒంటి మీదా ఒకే వాసన పడితే ఎవడూ ఎవడితో కొట్లాడడురా," అనేవాడు. రెండు కాపురాలు పక్కపక్కనే రోజూ దుమ్మెత్తిపోసుకుంటుంటే చూస్తూ కూడా, ఎలుకల సంగతి మాత్రం మహా నమ్మకంగా చెప్పేవాడు.

నిజంగానే కొట్లాటలు తగ్గాయి. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ కూడా ఒకసారి గది చూసి, "ఈ గదిలో ఎలుకలకి గాట్లే లేవే, బాగుంది," అని వెళ్లిపోయింది. ఎలా అని అడగలేదు. అల్లుళ్లూ చెప్పలేదు. మామ పోయాక బొచ్చె అల్లుళ్లకి మిగిలింది. ఒక వారం వీడు, ఒక వారం వాడు, బొచ్చె మాత్రం అదే. తొడుగులు వేసుకుంటే దూది పీలికలు వేళ్లకి అంటుకుని ఊడి రావు. అందుకని ఆ ఒక్క పనికి ఇద్దరూ తొడుగులు తీసేసేవాళ్లు.

డాక్టరమ్మ ఆ గదిలో పెట్టిన పనే తామర పని. ఎలుక వీపు మీద కాస్త బొచ్చు గొరిగి, అక్కడ ఫంగస్ రాస్తుంది. పనివాళ్లు దాన్ని మేడం బూజు అంటారు. వీపు మీద మచ్చ లేస్తుంది, పొట్టు రాలుతుంది, కొన్నాళ్లకి మానిపోతుంది. మానాక మళ్లీ రాస్తే ఈసారి మచ్చ లేచీ లేవకముందే ఆరిపోతుంది. ఒకసారి చూసిన శత్రువుని ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి గుమ్మంలోనే పట్టుకుని తంతుంది. ఎలా గుర్తుపెట్టుకుంటుంది, ఒంట్లో ఎవరు పరిగెత్తుకొస్తారు అన్నది తేల్చడమే ఆవిడ పని. అందుకని గదిలో రెండు వరసలు పెట్టింది. నీలం చీటీ డబ్బాల్లోవి ఇంతకుముందు ఒకసారి బూజు పడి లేచిన ఎలుకలు. తెల్ల చీటీ డబ్బాల్లోవి బూజు మొహం ఎరగనివి. రెండింటికీ ఒకేసారి రాసి, తేడా చూద్దామని ఆవిడ ఆశ.

తేడా రాలేదు.

ఆ రోజు ఆవిడ అల్లుళ్లిద్దర్నీ గదిలోకి పిలిచి తలుపు వేసింది. ముఖం మాడిపోయి ఉంది.

"ఈ తెల్ల చీటీ ఎలుకలు చూశారా? వీటి వీపులు ఇప్పటికి పుండ్లయిపోయి ఉండాలి. అద్దాల్లా ఉన్నాయి. అంటే ఏంటి?"

"బాగున్నట్టు కదా మేడం," అన్నాడు చిన్నల్లుడు.

"మీ తలకాయ. బాగుండకూడదు! బాగున్నాయి అంటే ఇవి ఈ ఫంగస్‌ని ముందే చూశాయి. పైకి మచ్చ లేవనంత కొంచెం తగిలి ఉంటుంది, కానీ ఒళ్లు నేర్చేసుకుంది. ఎవరు చూపించారు వీటికి? ఇక్కడికి వచ్చేది నేనూ, మీ ఇద్దరూ. నేను చూపించలేదు."

ఇద్దరూ కుక్కిన పేనుల్లా నిలబడ్డారు.

"ఎవరి ఒంటి మీదైనా ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి."

పెద్దల్లుడు సీసాల వంక చూశాడు. చిన్నల్లుడు నేల వంక చూశాడు.

"సరే. సోమవారం పొద్దున నేనే చూస్తాను. మచ్చ దొరికితే గీకి, డిష్‌లో పెంచి చూస్తాను. నా ఫంగస్ అయితే నాకు తెలిసిపోతుంది. అప్పుడు మాత్రం జాలి పడమని నన్ను అడక్కండి."

పెద్దల్లుడు ఆ సాయంత్రం మందుల కొట్టుకి వెళ్లి, గొట్టం మందు కొని, అందులో సగం చేతికి పూసేశాడు. మంట పుట్టింది కానీ ఎరుపు తగ్గలేదు. తగ్గకపోగా ఇంకా మెరిసింది.

ఇంటి దగ్గర అప్పటికే కుళాయి ముందు యుద్ధం మొదలైంది. చిన్నల్లుడి పెళ్లాం, అంటే పెద్దల్లుడికి మరదలు, ఒక కర్ర చివరన అతని తువ్వాలు వేలాడదీసుకుని నిలబడింది, చచ్చిన పాముని మోస్తున్నట్టు.

"ఏమండీ బావగారూ! మీ తువ్వాలు మా బట్టల మధ్య ఎందుకు ఆరేసినట్టు? ఆ చెయ్యి ఒకసారి చూపించండి."

"నా చెయ్యి నీకెందుకే?"

"నాకెందుకా? మా ఆయనకి ఒంటి మీద..." అని ఆగిపోయింది. నాలుక కరుచుకుంది. "మా పిల్లలు తిరుగుతున్నారిక్కడ. రోగాలు తెచ్చి తీగ మీద ఆరేస్తే ఊరుకోవాలా?"

పెద్దల్లుడి పెళ్లాం చేతిలో చెంబుతో గుమ్మంలోంచి ఒంటికాలి మీద లేచింది. "ఏంటే, రోగాలు మా ఇంట్లోనే పుట్టాయా? నీ మొగుడు వారం నుంచి తలుపు మూలకి నడుం రాసుకుంటున్నాడని గోడ ఇవతలికి వినపడుతోంది. తలుపు అరుగుతోందో వాడు అరుగుతున్నాడో చూసుకో ముందు!"

"అక్కా, నోరు అదుపులో పెట్టుకో!"

"నువ్వు నీ కర్ర అదుపులో పెట్టుకో!"

తువ్వాలు బురదలో పడింది. ఎవరూ దాన్ని తీయలేదు. పెద్దల్లుడికి మాత్రం ఆ సాయంత్రం మొదటిసారి ఊపిరి ఆడింది. నడుం! వాడికీ ఉంది!

పెళ్లాం లోపలికి వచ్చి చెంబు దబ్బున పెట్టింది. "సంతోషంగా ఉందా? నువ్వూ నీ తామరా. ఆ గుంట దగ్గరికి మళ్లీ పోయావనుకో, ఆ దగ్గు నేను మళ్లీ వినను. మా నాన్న నిన్ను తెచ్చినప్పుడే చెప్పాను, వీడి చేతులు చూస్తే నమ్మకం లేదని."

"మీ నాన్న బొచ్చె వల్లే వచ్చింది ఇది!"

"పోయినవాడి మీదకి తోసెయ్. ఆయన లేచి రాడని ధైర్యం."

మర్నాడు ఎలుకల ఇంట్లో, ఆవిరి యంత్రం వెనక, చిన్నల్లుడు ఎవరూ లేరనుకుని ఇనుప బల్ల మూలకి నడుం ఆనించి, కళ్లు మూసుకుని, గొడ్డు గోడకి రాసుకున్నట్టు రాసుకుంటున్నాడు. మొహంలో పరమానందం.

"హాయిగా ఉందా తమ్ముడూ?" అన్నాడు పెద్దల్లుడు.

వాడు ఎగిరిపడ్డాడు. "చెమటకాయలు."

"చెమటకాయలు గుండ్రంగా లేస్తాయా? చొక్కా ఎత్తు."

"నువ్వు చేతులు మడువు ముందు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ మడవలేదు. అక్కర్లేకపోయింది.

"చూడు," అన్నాడు పెద్దల్లుడు గొంతు తగ్గించి. "నీ మొహం చూస్తే నాకు ఒళ్లు మంట. అది వేరే సంగతి. ఆవిడ చూస్తే చేతులే చూస్తుంది. నాది నేను ఎలాగో కప్పుకుంటాను. నువ్వు నోరు మూసుకుంటే నేనూ మూసుకుంటాను. బొచ్చె సంగతి ఇద్దరికీ తెలియదు."

"సరే. ఏ బొచ్చె?"

"అదీ."

"నీ మాట నమ్మొచ్చా అన్నయ్యా?"

"నమ్మకపోతే చావు."

ఇలా ఒప్పందం కుదిరింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇద్దరూ ఒక మాట మీదకి రావడం అదే మొదలు.

సోమవారం డాక్టరమ్మ పెద్ద దీపం కింద బల్ల వేసుకుని కూర్చుంది. ముందు ఒక బ్లేడు, గాజు పలకలు, మూతలున్న గుండ్రటి డిష్‌లు. పెద్దల్లుడు పొద్దున్నే పెళ్లాం మొహానికి రాసుకునే పౌడరు చేతికి దట్టించి వచ్చాడు.

"చేతులు మోచేతుల పైకి."

చిన్నల్లుడు ముందుకి దూకాడు. వాడి చేతులు నున్నగా, కడిగిన సీసాల్లా ఉన్నాయి. అటూ ఇటూ తిప్పి చూపించి, పక్కకి జరిగాడు.

పెద్దల్లుడు గుండీలు తీశాడు. ఆవిరి గదిలో పొద్దుట్నుంచి పట్టిన చెమటకి పౌడరు కరిగి, మచ్చ చుట్టూ తెల్లటి ముద్ద కట్టి ఉంది. ఏమీ రాసుకోకపోయినా అంత బాగా కనపడేది కాదు.

డాక్టరమ్మ ముందుకి వంగింది. దూదితో తుడిచింది. బ్లేడు తీసుకుంది.

"ఎన్నాళ్లనుంచి?"

"మొన్న... మొన్నే మేడం. ఇంటి దగ్గర... వీధిలో కుక్క ఉంది..."

అక్కడితో ఆగినా బాగుండేది. చిన్నల్లుడు ఆగనివ్వలేదు. రెండడుగులు వెనక్కి వేసి, ముక్కు మూసుకున్నంత పని చేసి, "ఛీ ఛీ, ఏంటన్నయ్యా ఇది! ఇంత పెట్టుకుని డబ్బాల్లో చేతులు పెడుతున్నావా? నేను మొన్ననే అడిగాను మేడం, ఆ నిండుచేతుల చొక్కా ఏంటని. మా ఆవిడ కూడా తువ్వాలు చూసి అనుమానపడింది. ఆవిరి పని నేను చూసుకుంటాలెండి, మీరు కంగారుపడకండి," అన్నాడు.

పెద్దల్లుడికి చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. అడిగితే నోరు మూసుకుంటానన్నవాడు, అడక్కుండానే కుర్చీలో కూర్చుంటున్నాడు.

"మేడం," అన్నాడు. "వాడి నడుం చూడండి."

"అబద్ధం!"

"చొక్కా ఎత్తమనండి. బల్ల మూల అడగండి, అదే చెబుతుంది. వాడి పెళ్లాం నోటితో కుళాయి దగ్గర సగం చెప్పి మింగింది!"

"నువ్వు... నువ్వు మాటిచ్చావు కదరా అన్నయ్యా!"

ఆ మాటతో ఇద్దరి పనీ అయిపోయింది. డాక్టరమ్మ బ్లేడు బల్ల మీద పెట్టి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"మాటిచ్చాడా? ఏమని?"

చిన్నల్లుడు చొక్కా ఎత్తాడు. నడుం మీద మచ్చ పెద్దల్లుడి దాని కంటే బాగా ఎదిగి, పక్కన రెండు పిల్లల్ని పెట్టుకుని ఉంది.

ఆవిడ గీకింది. గీకుతూ అడిగింది. ఒకడు చెబుతుంటే ఒకడు అడ్డంపడుతూ బొచ్చె సంగతి మొత్తం బయటకి వచ్చింది. ముందు తొడుగులు తీసింది వాడేనని వీడు, నేర్పింది వీడేనని వాడు, ఇద్దరూ కలిసి పోయిన మామ మీదకి తోశారు. నీలం చీటీ డబ్బాల్లో దూది, తెల్ల చీటీ డబ్బాల్లో దూది, అంతా ఒకే బొచ్చెలో, వారం వారం.

"ఏది ఆ బొచ్చె?"

పెద్దల్లుడు ఆవిరి యంత్రం కింద నుంచి తీసిచ్చాడు. సొట్టలుపడ్డ సత్తు బొచ్చె. అడుగున ఇంకా కొన్ని పీలికలు ఉన్నాయి. ఆవిడ దాన్ని చేతిలో పట్టుకుని, పీలికలు బ్లేడుతో కదిపి చూసింది. నవ్వుతుందేమో అనిపించింది ఒక్క క్షణం. నవ్వలేదు.

"నా పనంతా దీన్లో కలిపి పిసికేశారు," అంది. "అవి కొట్లాడుకోకపోతే బాగుందనుకున్నాను నేను. అప్పుడే అడగాల్సింది. ఇప్పుడు ఈ గదిలో ఎలుకలన్నిటినీ తీసేయాలి. మళ్లీ మొదట్నుంచి తెచ్చుకోవాలి. నా కళ్ల ముందు నుంచి పోండి."

"మేడం, చిన్న మాట, ఆవిరి యంత్రం..." అన్నాడు పెద్దల్లుడు.

"ఇంకొకళ్లు చూస్తారు."

"వాడు కాదు కదా?"

ఆవిడ తల ఎత్తి చూసిన చూపుకి అతను తలుపు దాకా వెనక్కి నడిచాడు.

డిష్‌లు మూతలు పడి ఎక్కడో వెచ్చటి పెట్టెలో కూర్చున్నాయి. కొన్నాళ్లకి రెండింట్లోనూ బూజు లేచింది. రెండూ ఆవిడవే. వీధి కుక్కకి మచ్చ రాలేదు.

తామర మానిపోయింది. ఆవిడ ఎలుకలకి మానినట్టే, ఇద్దరికీ. కానీ ఎవరూ లోపలికి పిలవలేదు. ఆవిరి యంత్రం దగ్గర కొత్త మనిషి వచ్చాడు. ఎవరికీ అల్లుడు కాదు. తొడుగులు తీయడు, పలకరిస్తే పలకడు. ఆ కుర్చీలో కూర్చుని కాళ్లూపుతుంటాడు.

పెరట్లో గుంట దగ్గర ఇప్పుడు ఇద్దరు మనుషులు. ఒకడు పారతో పాడు పొట్టు తోస్తాడు, ఒకడు నిప్పు ఎగదోస్తాడు. మొదటి రోజున గుంటలో పడ్డవి తెల్ల చీటీ, నీలం చీటీ డబ్బాల ఎలుకలు, వాటి మీద సత్తు బొచ్చె. బొచ్చె కాలలేదు. నల్లగా మసిబారి అక్కడే పడి ఉంది. గాలి ఎటు తిరిగితే పొగ అటు వస్తుంది. పెద్దల్లుడికి దగ్గు మళ్లీ మొదలైంది. చిన్నల్లుడు దగ్గు కొత్తగా నేర్చుకుంటున్నాడు. సాయంత్రం ఇంటికి వెళితే ఇద్దరి పెళ్లాలూ ఇద్దర్నీ కుళాయి దగ్గరే ఆపేసి, ఒంటి మీద నీళ్లు గుమ్మరించి గానీ లోపలికి రానివ్వడం లేదు. ఇద్దరి ఒంటి మీదా ఒకే వాసన. ఎంత రుద్దినా పోదు.

"అటు జరుగు, పొగంతా నా మీదకే తోస్తున్నావు," అన్నాడు పెద్దల్లుడు దగ్గుతూ.

"నీ నోరు నువ్వు మూసుకుని ఉంటే ఈపాటికి నేను కుర్చీలో ఉండేవాణ్ని."

"నీ నోరు నువ్వు మూసుకుని ఉంటే నేను ఉండేవాణ్ని."

"నువ్వే ముందు చెప్పావు!"

"ఛీ ఛీ అన్నది ఎవడ్రా?"

"నీ చెయ్యి చూసి ఎవడైనా అంటాడు!"

"నీ నడుం కన్నా నయమే!"

గేటు దగ్గర కాపలావాడు కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చున్నాడు. పెద్దల్లుడు పార నేలకేసి కొట్టాడు. చిన్నల్లుడు కర్ర ఎత్తాడు. ఇద్దరికీ ఒకేసారి దగ్గు తెర వచ్చి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగిపోయారు. దగ్గు ఆగగానే, ముందు ఊపిరి అందినవాడు మళ్లీ మొదలుపెట్టాడు.